సవరణ: పైపు పొగాకు మిశ్రమంలోని పొగచూరిన రుచి గురించి

పైపు పొగాకు మిశ్రమాలపై నేను రాసిన కిందటి టపాలో, ఒక మిశ్రమంలోని పొగచూరిన రుచి పెరీక్ అనే రకం పొగాకు వల్ల వస్తుందని పేర్కొన్నాను. అది తప్పు. పెరీక్ అమెరికాలోని లూసియానాలో పీపాల్లో అదిమి పులియబెట్టే ఆకు. దానిది మిరియాల ఘాటు, ఎండు పండ్ల పులుపు.

ఆ పొగ రుచి లటాకియా అనే మరో రకం పొగాకుది. సిరియాలోని రేవు పట్టణం పేరు పెట్టుకున్నా, ఇప్పుడు ప్రధానంగా సైప్రస్ నుంచి వచ్చే ఈ ఆకును ముందు ఎండలో ఆరబెట్టి, తరువాత మూసిన కొట్టంలో వేలాడదీసి, సువాసన గల కట్టెల పొగను వారాల తరబడి పట్టిస్తారు. అందుకే అది దాదాపు నల్లగా మారుతుంది. డబ్బా మూత తీయగానే ఆరిన నెగడు, పాత తోలు, లీలగా సాంబ్రాణి కలిసిన వాసన వస్తుంది. ఇది పైనుంచి చల్లిన పరిమళం కాదు, ఆకులోకి ఇంకిన పొగ అని ప్రత్యేకంగా చెప్పాలి.

ఆ టపాలో ఆ మిశ్రమాన్ని 'చాలా బలమైనది' అనడం కూడా సరికాదు. వాసన గట్టిదే గాని, లటాకియాలో నికోటిన్ బర్లీ అనే రకం పొగాకులో కన్నా తక్కువ. అంతమాత్రాన దాని పొగ హాని లేనిదని కాదు. మిశ్రమంలోని తీపి మాత్రం, నేను ముందు రాసినట్లే, వర్జీనియా రకం పొగాకుదే.