ఆరు ప్యాకెట్ల మ్యాగీ, పది ఆంపియర్ల నీలగిరి

నవోదయలో రాత్రి భోజనం ఎనిమిదిలోపే అయిపోతుంది. లైట్లార్పేది పదింటికి. పదహారేళ్ల కడుపు ఈ టైంటేబుల్ని ఏనాడూ ఒప్పుకోలేదు. మెస్‌లో ఆలూ కూర ఎన్నిసార్లు మారు వేయించుకున్నా, తొమ్మిదింబావుకల్లా డార్మిటరీలో ఎవడో ఒకడు ట్రంకు పెట్టె తాళం తీస్తాడు. ఆ చప్పుడుకి చుట్టుపక్కల మంచాల మీద తలలన్నీ లేస్తాయి. పెట్టె అడుగున, స్వెట్టర్ కింద, స్వెట్టర్‌కంటే జాగ్రత్తగా దాచిన వస్తువు ఒకటుంటుంది. లీటరున్నర ఎలక్ట్రిక్ కెటిల్.

నవోదయ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. జిల్లాకొకటి చొప్పున కేంద్ర ప్రభుత్వం పెట్టిన గురుకుల పాఠశాలలివి. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఆరు నుంచి పన్నెండు దాకా అక్కడే చదువుతారు. ప్రవేశపరీక్ష నెగ్గిన 80 మంది దాకా ఆరో తరగతిలో సీటు దొరుకుతుంది. పిల్లల్ని జట్లుగా విడదీసి ఉంచే హౌస్‌ల పేర్లు దేశమంతా ఆ నాలుగే: ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. ఏ హౌస్‌లోనైనా కెటిల్ నిషేధమే. ఇస్త్రీపెట్టెని మాత్రం చూసీ చూడనట్టు వదిలేస్తారు, పొద్దున అసెంబ్లీలో చొక్కా నలిగి కనపడితే పోయేది హౌస్ పరువు కాబట్టి. రాత్రి జరగబోయే అనర్థంలో సగం వాటా ఈ ఇస్త్రీపెట్టెదే. దాన్ని అనుమానించేవాడు ఉండడు.

దొరికిపోతే అందరూ హౌస్‌మాస్టర్ గారి ముక్కుని తిట్టుకుంటారు. పాపం, ఆయనకి జలుబు. పట్టించేది కరెంటు.

లెక్క చూడండి. కెటిల్ 1500 వాట్లు. 230 వోల్టుల మీద అది ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. పక్క ప్లగ్గులో వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె నాలుగు పైచిలుకు లాగుతుంది. ఆ వరసలో తిరిగే ఫ్యాన్లూ, వెలిగే ట్యూబులైట్లూ కలిపి ఇంకో నాలుగు. మొత్తం దాదాపు పదిహేను. వీటన్నిటికీ కలిపి గోడ మీదున్న ఎంసీబీ, అంటే లోడు మించితే తానే పడిపోయి కరెంటు ఆపే స్విచ్చి, పది ఆంపియర్లది. ఒకే సర్క్యూట్ మీద ఎక్కువ పరికరాలు వాడితే ఓవర్‌లోడ్ అవుతుందని పదో తరగతి సైన్సు పుస్తకంలోనే ఉంది. ఆ ప్రశ్నకి మార్కులన్నీ తెచ్చుకున్నవాడే ఇప్పుడు స్విచ్చి వేస్తున్నాడు.

ఎంసీబీ వెంటనే పడిపోయినా బాగుండేది, ఆశ అక్కడితో తెగేది. షార్ట్ సర్క్యూట్ అయితే అది రెప్పపాటులో పడుతుంది. ఒకటిన్నర రెట్లు లోడంటే మాత్రం లోపల రెండు లోహాలు అతికించిన బైమెటల్ పట్టీ మెల్లగా వేడెక్కి, వంగి, కొన్ని నిమిషాల తర్వాత గాని పడదు. లీటరుంపావు నీళ్లు మరగడానికి కెటిల్‌కి పట్టేదీ ఐదు నిమిషాలే. పైగా ఇస్త్రీపెట్టెలో థర్మోస్టాట్ ఉంటుంది. ఎర్రలైటు ఆరినంతసేపూ లోడు తగ్గి పట్టీ చల్లబడుతుంది, వెలిగితే మళ్లీ వంగుతుంది. కాబట్టి ప్రమాదం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, ఒక్కటి తప్ప: నూడుల్స్ వెయ్యకముందు రాదు.

ఈలోగా కెటిల్ దగ్గర ఇంకో తగాదా. నీళ్లు మరగగానే ఆవిరి మూత దగ్గరి సందులోంచి వెళ్లి స్విచ్చి దగ్గరున్న చిన్న బిళ్లకి తగులుతుంది, టక్కున కెటిల్ ఆగిపోతుంది. నీళ్లకి ఆ ఏర్పాటు సరిపోతుంది. నూడుల్స్‌కి ఇంకో రెండు నిమిషాలు కావాలి. దానికి అనుభవజ్ఞులు కనిపెట్టిన ఉపాయం, మూత తెరిచి పెట్టడం. ఆవిరి పైకి పోతుంది, బిళ్లకి తగలదు, కెటిల్ ఆగదు. బాగానే ఉంది. కానీ ఆరు ప్యాకెట్ల పిండి కలిసిన నీళ్లు మరిగితే నురగ లేస్తుంది, అది పాలపొంగు కన్నా మొండిది. అంచు దాటి, పక్కనుంచి జారి, అడుగునున్న ప్లాస్టిక్ పీటలోకి దిగుతుంది. కరెంటు పిన్ను ఉండేది సరిగ్గా అక్కడే. మసాలా నీళ్లలో ఉప్పుంటుంది, ఉప్పునీళ్లలో కరెంటు పారుతుంది. ఈ పాఠం కూడా పదిలోనే. మూత తెరవమన్న అనుభవజ్ఞుడు ఈ సమయానికి బాత్రూంలో ఉంటాడు.

"ఒరేయ్, ఇస్త్రీ ఆపరా!"

"ఒక్క చెయ్యే మిగిలిందన్నా."

ఆ చెయ్యి పూర్తవదు. ఫ్యాన్లు మూలుగుతూ ఆగుతాయి. తొమ్మిదో తరగతి మైగ్రేషన్ మీద హిందీ రాష్ట్రం నుంచి ఏడాదికని వచ్చిన కుర్రాడు స్వచ్ఛమైన తెలుగులో "కరెంటు పోయిందిరా" అంటాడు. వచ్చి నెల కాలేదు.

అసలు ఇబ్బంది చీకటి కాదు. కిటికీలోంచి చూస్తే శివాలిక్‌లో లైట్లున్నాయి, మెస్‌లో ఉన్నాయి, హౌస్‌మాస్టర్ గారి క్వార్టర్ ఈ బిల్డింగుకే ఆనుకుని ఉంది, అందులోనూ ఉన్నాయి. ఆయన టార్చి వేసుకుని వస్తారు.

"ఏమైందిరా?"

"కరెంటు పోయింది సార్."

"మీకొక్కరికేనా?"

అప్పటికి కెటిల్ మళ్లీ ట్రంకులోకి చేరిపోయి ఉంటుంది. మూత పెట్టి, దుప్పటి చుట్టి, తాళం వేసి. అంతకంటే పొరపాటు లేదు. నూడుల్స్ ఆ వేడిలో నానుతూనే ఉంటాయి. సార్ ఎంసీబీ ఎత్తి, అటెండెన్సు తీసుకుని, చదువు మీద నాలుగు మాటలు చెప్పి కదిలేసరికి అరగంట. కెటిల్లో చుక్క నీరుండదు. మిగిలేది కెటిల్ ఆకారంలో గడ్డకట్టిన పసుపుపచ్చ ముద్ద. మూతి ఇరుకు, చెయ్యి దూరదు. స్కేలుతో కోసి తీస్తారు. దుప్పటికి పట్టిన మసాలా వాసన సెలవులకి ఇంటికెళ్లి అమ్మ ఉతికేదాకా వదలదు.

ఇదంతా అక్కర్లేదని గర్ల్స్ డార్మిటరీకి ఎప్పుడో తెలుసు. ఇన్‌స్టంట్ నూడుల్స్ ఫ్యాక్టరీలోనే ఆవిరికి ఉడికి, నూనెలో వేగి వస్తాయి. వాటిని మరిగించనక్కర్లేదు, బాగా వేడినీళ్లలో నానితే చాలు. భోజనాల వేళ మెస్‌లో మరిగిన నీళ్లు స్టీలు ఫ్లాస్కులో పట్టుకోవడం, మూత బిగుతుగా పట్టే టిఫిన్ బాక్సులో ప్యాకెట్ విరిచి వేసి, అది మునిగేలా ఒక గ్లాసు నీళ్లు పోసి, టవల్ చుట్టి పది నిమిషాలు ఆగడం. కరెంటుతో పని లేదు, నురగ లేదు, ట్రంకు కంపు కొట్టదు. క్లాసులో పక్క బెంచీ మీద కూర్చునే ఈ అమ్మాయిలు ఆ రహస్యం ఎన్నడూ చెప్పరు. మరుసటి రోజు "నిన్న రాత్రి మీ హౌస్‌లో కరెంటు పోయిందటగా?" అని మాత్రం అడుగుతారు.

ఇక సార్ కదిలాక కూడా కథ ముగియదు. గుమ్మం దాకా వెళ్లి ఆగుతారు. జలుబు ఉన్నా సరే, కళ్లు పనిచేస్తున్నాయి. ప్లగ్గు కింద నేల మీద పచ్చటి నీళ్ల చార.

"ఇదేంటి?"

హౌస్ కెప్టెన్ తడుముకోడు. "వేణ్ణీళ్లు సార్. దగ్గు."

"ఎంతమందికి?"

గదిలో ఆరు స్టీలు గ్లాసులు, ఆరు చెంచాలు బయటే ఉన్నాయి. "ఆరుగురికి సార్."

అయ్యో, ముందే చెప్పొద్దా అంటారాయన, నిజంగానే బాధపడుతూ. ఆరుగురినీ వరసగా ఎం.ఐ. రూంకి, అంటే స్కూల్లోని వైద్యం గదికి, నడిపిస్తారు. స్టాఫ్ నర్సు నిద్రమంచం మీంచి లేచొచ్చి ఒక్కొక్కరి చేత ఉప్పునీళ్లు పుక్కిలింపజేస్తుంది. మెస్‌కి చీటీ రాస్తుంది: ఈ ఆరుగురికీ మూడు రోజులు నూనె, కారం లేని పథ్యం. ఆ మూడు రోజుల్లో ఆదివారం ఉంది. ఆదివారం పొద్దున మెస్‌లో పూరీలు.