‘వెనకుండి సాయం చేశారు, అంతేగా’ అనే మాట గురించి

“యుద్ధాల్లో ఆడవాళ్ళు చేసినవి సహాయక పనులే. అవి కూడా ప్రమాదం లేని చోట కూర్చుని చేశారు. తగిన గుర్తింపూ దక్కింది. ఇక సైనికులతో సమానంగా వాళ్ళను పొగడటం దేనికి?” ఈ మెసేజ్ ఫార్వర్డ్ అవుతూ అవుతూ నా దాకా కూడా వచ్చింది. చాలామందిని సహాయక విభాగాల్లోనే చేర్చుకున్నారు, అంతవరకు నిజం. మిగతాదంతా తప్పు.

ముందు ఆ ‘ప్రమాదం లేని చోటు’ సంగతి. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ వశం కాబోతుండగా 65 మంది ఆస్ట్రేలియా సైనిక నర్సులు ఒక ఓడలో బయల్దేరారు. ఇప్పటి ఇండోనేషియాలోని బాంకా దీవి దగ్గర జపాన్ విమానాలు దాన్ని ముంచేశాయి. ఫిబ్రవరి 16న, ఒడ్డుకు చేరినవాళ్ళలో 22 మంది నర్సులను జపాన్ సైనికులు సముద్రంలోకి నడవమన్నారు. నీళ్ళు నడుము దాకా వచ్చేసరికి వెనక నుంచి మెషిన్ గన్‌తో కాల్చారు. 21 మంది చనిపోయారు. వివియన్ బుల్‌వింకెల్ ఒక్కరే బతికారు. తూటా ఒంట్లోంచి దూసుకుపోయినా కదలకుండా, చచ్చిపోయినట్టు నీళ్ళలో తేలుతూ ఉండిపోయారు. తర్వాత అడవిలో దాక్కుని, ఆ గాయంతోనే ఒక బ్రిటిష్ సైనికుడికి సేవ చేశారు. చివరికి లొంగిపోక తప్పనప్పుడు, యూనిఫాం మీది తూటా చిల్లు కనబడకుండా నీళ్ళ సీసాను దానిమీదుగా వేలాడేసుకున్నారు. ఆ చిల్లు చూస్తే ఈమె సాక్షి అని తెలిసిపోతుంది మరి. మూడేళ్ళకు పైగా ఖైదులో ఉండి, బయటికొచ్చాక టోక్యోలో జరిగిన యుద్ధ నేరాల విచారణలో సాక్ష్యం చెప్పారు. ఆ 65 మందిలో ప్రాణాలతో ఇల్లు చేరింది 24 మంది.

అసలు ఏది సహాయక పని, ఏది పోరాటం అని ఎలా తేల్చారో చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ విమాన విధ్వంసక దళాల్లో శత్రు విమానాన్ని కనిపెట్టడం, ఎత్తు కొలవడం, గురి లెక్కగట్టి ఫిరంగికి అందించడం, ఇవన్నీ ఆడవాళ్ళు చేశారు. ఫిరంగి పేల్చడం మాత్రం మగవాళ్ళే చేయాలని రూలు. పడే బాంబు ఇద్దరి మీదా పడేది. జీతం మాత్రం ఆడవాళ్ళకు మూడింట రెండొంతులే.

మన కార్గిల్ యుద్ధంలోనూ అంతే. 1999లో గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ నడిపిన చీతా హెలికాప్టర్లకు ఆయుధాలు లేవు. గాయపడినవాళ్ళను తేవడానికి వెళ్ళింది మాత్రం యుద్ధం జరుగుతున్న కొండల్లోకే.

ఇక గుర్తింపు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో వెయ్యి మందికి పైగా మహిళా పైలట్లు ఫ్యాక్టరీల నుంచి స్థావరాలకు యుద్ధ విమానాలు చేరవేశారు. గన్నర్ల శిక్షణ కోసం విమానం వెనక గుడ్డ టార్గెట్ కట్టుకుని ఎగిరారు. కింద నుంచి పేల్చేవి నిజమైన తూటాలే. 38 మంది చనిపోయారు. కాగితాల మీద వాళ్ళు సివిలియన్లు కాబట్టి శవాన్ని ఇంటికి పంపే ఖర్చు కూడా సైన్యం పెట్టుకోలేదు. తోటి పైలట్లు చందాలు వేసుకుని పంపారు. శవపేటిక మీద జెండా కప్పే హక్కు కూడా లేదన్నారు. మాజీ సైనికులుగా గుర్తిస్తూ చట్టం వచ్చింది 1977లో.

అదే చట్టం వాళ్ళకంటే ముందుతరం వాళ్ళకూ వర్తించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం రెండు వందల మందికి పైగా మహిళా టెలిఫోన్ ఆపరేటర్లను ఫ్రాన్స్ పంపింది. ప్రమాణం చేయించింది, యూనిఫాం వేయించింది. యుద్ధం అయిపోయి ఇంటికొచ్చాక “మీరు సైన్యంలో లేరు” అంది. దాదాపు అరవై ఏళ్ళు ఉత్తరాలు రాసి, అర్జీలు పెట్టి పోరాడితే ఆ చట్టం వచ్చింది. అప్పటికి వాళ్ళలో చాలామంది కన్నుమూశారు.