పదేళ్ల పిల్ల సంతకం

మా అమ్మాయి తెలుగు అక్షరాలు దిద్దింది బ్యాంకు ఖాతా కోసం. ఒడిశాలోని బరంపురంలో పుట్టింది, ఒడియా మీడియంలో చదువుతోంది. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని రాయడం రాదు. నిరుడు పదేళ్లు నిండాక, "దసరా సెలవుల్లో నీ పేరు మీద ఖాతా తెరుద్దాం, సంతకం నువ్వే చెయ్యాలి" అన్నాను. ఏ భాషలో చెయ్యాలని అడిగింది. ఏ భాషలోనైనా ఫరవాలేదు, ఎప్పుడు చేసినా ఒకేలా ఉండాలని చెప్పాను. ఆ రాత్రి ఏం ఆలోచించుకుందో, పొద్దున లేస్తూనే "నాన్నమ్మ చేసినట్టు చేస్తా" అంది. మా అత్తయ్య పింఛను కాగితాల మీద ఇప్పటికీ తెలుగులోనే సంతకం పెడతారు. నాన్నమ్మా మనవరాలూ కూర్చుని వారం రోజుల్లో ఒక పాత నోటుబుక్కు నింపేశారు.

బ్యాంకులో కౌంటరు మా అమ్మాయి గడ్డం దాకా ఉంది. అవతలి ఆయన ఫారం తీసుకుని నావైపు చూడకుండా నేరుగా దాన్నే "తో నా కొణొ?" అని ఒడియాలో పేరు అడిగాడు. అది చెప్పింది. ముందు తెల్ల కాగితం మీద మూడుసార్లు సంతకం చెయ్యమన్నాడు. మూడూ పక్కపక్కన పెట్టి చూసి, అప్పుడు ఫారంలో గడి చూపించాడు. మట్టి డిబ్బీ పగలగొట్టి తెచ్చిన డబ్బు 1,140 రూపాయలు. అందులో సగానికి పైగా 2025లో మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకు వచ్చిన చుట్టాలు దాని చేతిలో పెట్టినవే. చిల్లర లెక్కపెట్టడానికి పది నిమిషాలు పట్టింది. వెనక వరసలో నిలబడ్డవాళ్లు ఒక్కరూ విసుక్కోలేదు. ఆ పది నిమిషాలకు నేను ఇప్పటికీ వాళ్లకు రుణపడి ఉన్నాను.

ఈ సంగతి ఇక్కడి మన తెలుగు సంఘం పత్రికకు రాయడానికి కారణం ఉంది. మన ఇళ్లలో పిల్లలకు ఖాతాలు లేక కాదు. చాలామందికి ఉన్నాయి. అయితే పాస్‌బుక్కు నాన్న బీరువాలో, ఏటీఎం కార్డు అమ్మ పర్సులో, ఫోన్ నంబరు మావయ్యది. ఖాతా తనదని పిల్లకు తెలిసేది కాలేజీలో చేరాక, ఫీజు రీయింబర్స్‌మెంటో స్కాలర్‌షిప్పో పడలేదని తెలిసిన రోజున. పదేళ్లు నిండిన బిడ్డ ఖాతాను బిడ్డ చేతికే ఇవ్వాలని, సంతకం బిడ్డే చెయ్యాలని నా గట్టి అభిప్రాయం.

ఇందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఏ వయసు పిల్లలకైనా తల్లో తండ్రో సంరక్షకులుగా సేవింగ్స్ ఖాతా తెరవచ్చు. పదేళ్లు నిండినవాళ్లు సొంతంగా ఖాతా తెరిచి నడుపుకోవడానికి బ్యాంకులు అనుమతించవచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. 2025 ఏప్రిల్‌లో ఆ మార్గదర్శకాలన్నీ కలిపి మళ్లీ ఇచ్చి, జూలై 1 కల్లా తమ విధానాలు సరిచేసుకోమని బ్యాంకులకు గడువు పెట్టింది. ఎంత డబ్బు దాకా, కార్డు ఇవ్వాలా వద్దా, చెక్కుబుక్కు ఇవ్వాలా అన్నవి ఏ బ్యాంకుకు ఆ బ్యాంకే నిర్ణయించుకుంటుంది. ఖాతాలో ఉన్నదానికి మించి ఒక్క రూపాయి కూడా తియ్యనివ్వకూడదు, అంటే పిల్ల అప్పులో పడే ప్రమాదం లేదు. స్టేట్ బ్యాంకులో చిన్నపిల్లలకు 'పెహ్లా కదమ్', పదేళ్లు దాటి ఒకేలా సంతకం చెయ్యగలిగినవాళ్లకు 'పెహ్లీ ఉడాన్' ఉన్నాయి. పోస్టాఫీసులోనూ పదేళ్లు నిండిన పిల్లలు తమ ఖాతా తామే నడుపుకోవచ్చు.

"మా పాపకు సుకన్య కడుతున్నాం కదా" అని చాలామంది అంటారు. కట్టండి, మంచిదే. ఏడాదికి 250 రూపాయల నుంచి లక్షన్నర దాకా పదిహేనేళ్లు కడితే, ఖాతా తెరిచిన 21 ఏళ్లకు డబ్బు చేతికొస్తుంది. కాని అది పిల్ల ముట్టుకునే డబ్బు కాదు, పద్దెనిమిదేళ్లు నిండేదాకా నడిపేది మనమే. ఈత నేర్పడానికి పిల్లను నీళ్లలో దించాలి గదా. మా అమ్మాయి మూడో నెలలో 300 రూపాయలు తీసి స్నేహితురాలి పుట్టినరోజుకు రంగుల పెట్టె కొంది. నాకు ప్రాణం ఉసూరుమంది, నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ఆ తరువాతి నెల తనే వచ్చి, మిగిలిన డబ్బుకు వడ్డీ ఎప్పుడు వేస్తారు, ఎంత వేస్తారు అని అడిగింది. పాస్‌బుక్కు ప్రింటు వేయించుకుని వచ్చి ఒక్కో వరసా నాకు చదివి వినిపించింది.

మన ప్రాంతంలో అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. మనకు ఇంటిపేరు ముందు, పిల్ల పేరు తరవాత. ఇక్కడి బళ్లో ఇంటిపేరు చివర రాయాలంటారు. ఆధార్‌లో ఒక వరస, బర్త్ సర్టిఫికెట్లో ఇంకో వరస, బడి రిజిస్టరులో ఇంటిపేరుకు ఒట్టి పొడి అక్షరం. దానికి తోడు లిపి. మా మేనల్లుడి పేరులోని 'వెంకట' ఒడియాలో 'భెంకట' అయింది, దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి ఎక్కించినప్పుడు ఆ 'భ' అలాగే ఉండిపోయింది. మూడు కాగితాల్లో ముగ్గురు పిల్లలు. బ్యాంకు ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదని ఆ గుమాస్తా మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. ఖాతాకు ముందు బర్త్ సర్టిఫికెట్టు, బడి రిజిస్టరు, ఆధార్ మూడింట్లో పేరు ఒకే వరసలో, ఒకే అక్షరాలతో ఉందో లేదో చూసుకోవాలి. పిల్లలకు అయిదేళ్లప్పుడు ఒకసారి, పదిహేనేళ్లప్పుడు ఒకసారి ఆధార్‌లో వేలిముద్రలు వేయించడానికి ఎలాగూ వెళ్లాలి. ఆ పని మీద వెళ్లినప్పుడే పేరు కూడా సరి చేయించండి.

మా వీధిలో ఒకావిడ కథ చెప్పాలి. భర్త సూరత్‌లో పవర్‌లూమ్ మీద పని చేస్తాడు, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. ఎనిమిదో తరగతి కొడుకు జాతీయ ఉపకార వేతనం పరీక్ష పాసయ్యాడు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు నేరుగా పిల్లవాడి ఖాతాలో పడతాయి. ఆవిడ ఖాతా తెరవడానికి ఒక బ్యాంకుకు వెళితే తండ్రిని తీసుకురమ్మన్నారు. ఒక రోజు కూలి పోగొట్టుకుని మళ్లీ వెళ్లింది, మళ్లీ అదే మాట. మూడోసారి నేను వెంట వెళ్లి, తల్లి కూడా సంరక్షకురాలు కావచ్చని రిజర్వు బ్యాంకు మాటే చూపించాను, అప్పుడు ఖాతా ఇచ్చారు. ఇది నిన్న మొన్న పుట్టిన హక్కు కాదు. రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేరు మీద రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే తండ్రి సంతకం కావాలన్నారు. ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తండ్రి బతికి ఉన్నా తల్లి సహజ సంరక్షకురాలు కావచ్చని 1999 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. మగవాళ్లు వలస వెళ్లే మన గంజాం జిల్లాలో ప్రతి తల్లికీ తెలియాల్సిన తీర్పు అది.

బ్యాంకు గుమ్మం మన ఊళ్ల దాకా రావడంలో మన ఊరి వాడి చెయ్యి ఉంది. 1969 జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేసిన ఆర్డినెన్సు మీద తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం పెట్టింది వి.వి. గిరి. ఆయన 1894లో బరంపురంలో పుట్టిన తెలుగువాడు. మచిలీపట్నంలో 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు మా నాన్నగారి తరానికి సొంతింటి లాంటిది. 2020 ఏప్రిల్‌లో అది యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు ఆయన పాత పాస్‌బుక్కు పారెయ్యలేదు, ఇంకా దేవుడి గూట్లోనే ఉంది.

పెద్దపిల్లల తల్లిదండ్రులకు రెండు హెచ్చరికలు. పద్దెనిమిది నిండగానే మళ్లీ బ్యాంకుకు వెళ్లి కొత్తగా సంతకం నమూనా, కాగితాలు ఇవ్వాలి. విశాఖలోనో హైదరాబాద్‌లోనో చదువుకుంటూ ఈ సంగతి మరిచిపోతే ఖాతా ఆగిపోతుంది. రెండేళ్లు ఏ లావాదేవీ లేకపోతే మామూలు ఖాతా నిద్రపోతుంది. పదేళ్లయితే ఆ డబ్బు రిజర్వు బ్యాంకు దగ్గరి నిధికి వెళుతుంది. అప్పుడైనా అడిగి తెచ్చుకోవచ్చు, కాని ఎంత తిరగాలో ఆలోచించండి. రెండోది ఇంకా భయపడాల్సింది. కాలేజీ పిల్లలకు కాస్త కమీషన్ ఆశ చూపి "నీ ఖాతా, కార్డు, సిమ్ కొన్నాళ్లు వాడుకుంటాం" అని అడిగేవాళ్లు తయారయ్యారు. మోసపు డబ్బు ఆ ఖాతాలోంచి పోతుంది, పోలీసులు ముందుగా వచ్చేది ఖాతా పేరున్న పిల్లవాడి ఇంటికే. పదేళ్లకే తన సంతకం తనదని తెలిసిన పిల్ల, పద్దెనిమిదేళ్లకు దాన్ని ఎవరికో అద్దెకివ్వదని నేను నమ్ముతున్నాను.

మన సంఘంలో బ్యాంకుల్లో పని చేసి రిటైరైన పెద్దలు ఉన్నారు. పర్లాకిమిడిలో, రాయగడలో, గుణుపురంలో, జయపురంలో కూడా అలాంటివాళ్లు ఉంటారు. ఉగాది సమావేశంలో పాటలు, పంచాంగ శ్రవణం అయ్యాక ఒక గంట వాళ్లను బల్ల దగ్గర కూర్చోబెడదాం. ఫారాలు నేను తెస్తాను, ఒడియాలో ఉన్న ప్రశ్నలు తెలుగులో చెప్పడానికి మా అమ్మాయి వస్తానంది. సంతకం రానివాళ్లకు దిద్దించడానికి మా అత్తయ్య కూడా వస్తారు. మీరు బర్త్ సర్టిఫికెట్టు, ఆధార్, రెండు ఫొటోలు పట్టుకుని రండి. పిల్లల్ని మాత్రం ఇంట్లో వదిలి రాకండి.