ఆటిజం గురించి అందరికీ తెలిసింది సరే, ఖర్చెవరిది?

ఏప్రిల్ 2 వచ్చిందంటే బిల్డింగులకి నీలం లైట్లు, వాట్సాప్ స్టేటస్‌లు, స్కూళ్ళలో ర్యాలీలు. ఐక్యరాజ్యసమితి 2007లో ఈ రోజుని ప్రపంచ ఆటిజం అవగాహన దినంగా ప్రకటించింది, 2008 నుంచి జరుపుతున్నారు, ఆ ఏడు పుట్టిన పిల్లాడికి ఈలోపు ఓటే వచ్చేస్తోంది. మార్పు రాలేదని అనను. ఒకప్పుడు "వాళ్ళ నాన్నకీ మాటలు లేటే, వస్తాయిలే" అని నాలుగైదేళ్ళు లాగించేసేవాళ్ళు, ఇప్పుడు రెండేళ్ళకే పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడట్లేదండీ అని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నారు. బాగుంది. కానీ ఆ తర్వాత పడే భారమంతా ఇంకా ఆ ఇంటిదే, అందులోనూ ఎక్కువ తల్లిదే, ఉద్యోగం మానేసేది దాదాపు ఎప్పుడూ ఆవిడే కదా.

కాగితం మీద చూస్తే అన్నీ ఉన్నాయి. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే, ఆటిజం ఊసే లేదు. 2016 చట్టంలో 21 అయ్యాయి, ఆటిజం చేరింది, 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు, సర్కారు ఉద్యోగాల్లో 1 శాతం కోటా (అది కూడా ఇంకో మూడు నాలుగు రకాల వాళ్ళతో కలిపి పంచుకోవాలి). ఇవన్నీ దక్కాలంటే ముందు 40 శాతం వైకల్యం అని రాసున్న సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. స్లాట్ దొరికాక, వైకల్యం ఎంతో తేల్చే సదరం క్యాంపుకి వెళ్తే ఆసుపత్రి వరండాలో జనం, ట్యూబ్‌లైట్లు, మైకులో పేర్లు, అరుపులు, సరిగ్గా ఏ చప్పుళ్ళకి ఆ పిల్లలు చెవులు మూసుకుని ఏడుస్తారో అవన్నీ ఒకేచోట, అక్కడే గంటలకొద్దీ కూర్చోబెట్టి ఆ తర్వాత వాడి ప్రవర్తన ఎలా ఉందో కొలుస్తారు. చిన్నపిల్లలకైతే చాలాసార్లు టెంపరరీ సర్టిఫికెటే, కొన్నేళ్ళకి మళ్ళీ అదే వరండా. ఈ పిల్లలకి విడిగా ఒక పూట, ఒక నిశ్శబ్దమైన గది ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ కూడా పెద్దగా అక్కర్లేదు.

స్కూలు సంగతి ఇంకోలా ఉంటుంది. ప్రైవేటు స్కూళ్ళు ఈమధ్య మొహమ్మీద కుదరదనడం తగ్గించాయి, దాని బదులు "సీటిస్తాం, షాడో టీచర్‌ని మీరే పెట్టుకోండి" అంటున్నాయి, అంటే క్లాసులో పిల్లాడి పక్కనే ఉండి సాయం చేసే మనిషిని, ఫీజు కట్టి దానిపైన ఇంకో జీతం కూడా ఇచ్చి మనమే పెట్టుకోవాలన్నమాట. సర్కారు బళ్ళకి మండలాల్లో, ఇలాంటి పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రాలు ఉన్నాయి, వాటిని నడిపే టీచర్లు ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీదే పనిచేశారు. సుప్రీంకోర్టు 2021లో స్పెషల్ టీచర్ల గురించి గట్టిగా చెప్పింది, 2022లో కేంద్రం ప్రైమరీలో 10 మంది పిల్లలకి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని లెక్క ఇచ్చింది, 2025లో పోస్టులు ప్రకటించమని కోర్టు రాష్ట్రాలకి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. తెలంగాణ 2024 డీఎస్సీలో స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులు పెట్టారు. నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆశ కలిగించేది ఇదే, నీలం లైట్లు కాదు.

ఎందుకంటే మండలంలో మనిషి లేకపోతే జనం సిటీకి పరిగెడతారు. స్పీచ్ థెరపీకి ఒక రేటు, ఓటీకి (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ) ఒక రేటు, నెలలకొద్దీ అద్దె ఇల్లు, ఆపైన "నార్మల్ చేసేస్తాం" అనేవాళ్ళు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు ఆటిజానికి పనికొస్తాయనడానికి ఆధారం లేదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది, అయినా ఆ ప్రకటనలు చూసి పొలం అమ్ముకునే ఆలోచన చేసే తండ్రిని నేను తప్పుపట్టలేను, భయపెట్టి అమ్మేవాళ్ళనే అంటాను. మరోపక్క కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఇన్సూరెన్స్ ఉంది, లక్ష రూపాయల దాకా, థెరపీకి కూడా కొంత వస్తుంది. దాని పేరు ఎన్ని థెరపీ సెంటర్ల గోడల మీద రాసుందో చూడండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు కొంతమంది ఇండియా తిరిగి వద్దామనుకుని కూడా ఈ ఒక్క కారణంతో ఆగిపోతుంటారు, అక్కడ స్పీచ్ థెరపీ స్కూల్లోనే ఫ్రీగా దొరుకుతుంది కాబట్టి. అక్కడి మనుషులు మనకన్నా దయగలవాళ్ళని కాదు, 1975లో వచ్చిన చట్టం స్కూలు మెడ మీద కూర్చుంది, 1990లో ఆటిజాన్ని కూడా అందులో చేర్చారు, పిల్లాడికి రాసిచ్చిన ప్లాన్ అమలు చేయకపోతే తల్లిదండ్రులు కేసు వేయొచ్చు. పెళ్ళిళ్ళలో, అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో జనం చూసే చూపు కూడా మారాలి, నిజమే, కానీ పక్క బెంచీలో అలాంటి పిల్లాడితో కలిసి చదువుకున్నవాళ్ళకి ఆ చూపు నేర్పక్కర్లేదు.

అన్నిటికన్నా తక్కువ మాట్లాడేది పెద్దయ్యాక సంగతి. మనం వేసే పోస్టర్లలో అందరూ చిన్నపిల్లలే. 18 దాటాక థెరపీ సెంటరూ ఉండదు, స్కూలూ ఉండదు, ఇంట్లో టీవీ ముందు పాతికేళ్ళ మనిషి, పక్కన బీపీ మాత్రలు వేసుకునే తల్లి, "మేం పోయాక వీడినెవరు చూస్తారు" అనే ప్రశ్న. సొంతంగా లావాదేవీలు చూసుకోలేనివాళ్ళకి బ్యాంకు వాళ్ళు గార్డియన్ కాగితం అడుగుతారు, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం దాన్ని ఇచ్చేది కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీ. వచ్చే ఏప్రిల్ 2న ర్యాలీ ఎలాగూ కలెక్టరేట్ దాకానే వెళ్తుంది కదా, ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో, ఎన్ని అప్లికేషన్లు పెండింగ్‌లో ఉన్నాయో లోపలికెళ్ళి అడగండి.