అమ్మ కుట్టిన బొంత ఏ లెక్కలో ఉంది?

వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే జీఐ ముద్ర, వచ్చింది. కొత్తవాడ మగ్గాల మీద తరతరాలుగా చెమటోడ్చిన నేతకారులకు అది దక్కాల్సిన గౌరవమే. పెంబర్తి ఇత్తడికి, చేర్యాల నకాషీ పటాలకు అంతకుముందే ఆ గుర్తింపు ఉంది. అయితే ఆ జంపఖానా మీద పరుచుకుని మనం పడుకున్న బొంత గురించి మాత్రం ఏ జాబితాలోనూ ఒక్క ముక్క కనిపించదు. ఎందుకంటే బొంత అంగడికి పోలేదు. ఆడవాళ్లు ఇంటి కోసం, ఇంటివాళ్ల కోసం కుట్టుకున్నారు. అమ్మితేనే కళ, అమ్మకపోతే ఇంటిపని అని మనం ఎప్పుడో తీర్మానించేసుకున్నాం. ఈ తీర్మానం తప్పని నా గట్టి నమ్మకం.

బొంత ఎట్లా తయారవుతుందో ఒకసారి చూడండి. ముందు పాత నూలు చీరలు ఏరాలి. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి మెత్తబడ్డవే కావాలి, కొత్త గుడ్డ పనికిరాదు. చీర ఐదున్నర మీటర్లుంటుంది కాబట్టి సగానికి మడిస్తే మనిషి పొడుగుకు మించే వస్తుంది. వెడల్పు చాలకపోతే ఇంకో చీర జోడిస్తారు. గట్టి చీర అడుగుకు పోతుంది, చిరుగులు పడ్డవీ పేలికలూ నడుమకు పోతాయి, చూడముచ్చటైనది పైకొస్తుంది. నాలుగు మూలలా ముడతల్లేకుండా లాగి పరిచి, కదలకుండా దూరం దూరంగా టాకాలు వేసి, ఆ తర్వాత బెజ్జం పెద్దగా ఉన్న సూదితో అసలు కుట్టు మొదలుపెడతారు. చీరల అంచులు చించి చుట్టూ పట్టీలా వేస్తారు. చిరిగిన చోట వేరే రంగు ముక్క పడుతుంది. ఆ ముక్క ఎర్రదా, పచ్చదా, ఏ మూలకు ఏది నప్పుతుంది అన్న ఆలోచన అంతా కుట్టేవాళ్లదే. ముందు గీసుకున్న నమూనా అంటూ ఏదీ ఉండదు. రంగుల పొందిక చేతికి, కంటికి తెలియాలి. కాగితం మీద ఒకరు ఇదే పని చేస్తే చిత్రకారుడంటాం.

ఈ విద్యకు బడి లేదు. బిడ్డ మొదట సూదిలో దారం ఎక్కించి ఇస్తుంది. తర్వాత నడిమి వరుసలు కుడుతుంది. తప్పు పోయినా అక్కడ పెద్దగా కనబడదు. అంచులూ మూలలూ అప్పజెప్పారంటే చెయ్యి కుదిరినట్టే. మా ఇంట్లో అమ్మా అమ్మమ్మా కలిసి కుట్టిన బొంత ఒకటుంది. ఒక వైపు కుట్లు బియ్యపు గింజంత, దగ్గర దగ్గరగా, తాడు కట్టి గీసినంత సూటిగా నడుస్తాయి. అది అమ్మమ్మ చెయ్యి. రెండో వైపు కుట్లు పొడుగు, అక్కడక్కడా వంకర. నడుమకు వచ్చేసరికి మాత్రం పొడుగు కుట్లు కూడా కురచవుతాయి. ఎదురుగా కూర్చున్న తల్లి చేతిని చూసి బిడ్డ తన చేతిని ఎట్లా దిద్దుకుందో ఆ నాలుగు జానల గుడ్డ మీద చదువుకోవచ్చు. కింద ఎవరి సంతకమూ లేదు.

తొలి కాన్పుకు బిడ్డ పుట్టింటికి వస్తే, తొట్టెల నాటికి పసిబిడ్డకు చిన్న బొంత సిద్ధం కావాలి. అమ్మమ్మ తన చీరల్లో మెత్తనిదే దానికి తీస్తుంది. ఇల్లిల్లూ తిరిగి కూలికి బొంతలు కుట్టిపెట్టే సంచార కులాల ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఇళ్లలోనూ ఈ పని తల్లి నుంచి బిడ్డకే వచ్చింది. సంక్రాంతికి వాకిట్లోకి వచ్చే గంగిరెద్దు మూపు మీది రంగురంగుల బొంతను చూసి మనమంతా మురిసిపోతాం. అది కుట్టిన చేతులు ఎవరివని అడిగినవాళ్లు తక్కువ. మహబూబాబాద్ వైపు తండాల్లో లంబాడీ తల్లులు బిడ్డల పెళ్లి బట్టల కోసం అద్దాలూ గవ్వలూ కుట్టడం ఇదే తీరు విద్య. అదే లంబాడీల సూదిపనికి కర్ణాటకలోని సండూరు పేరు మీద 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు.

బొంత ఎందుకు తగ్గిందంటే చాలామంది ఓపిక లేని కాలాన్ని తిడతారు. నేను ముందు గుడ్డను చూడమంటాను. ఇంట్లో నూలు చీర లేనిదే బొంత లేదు. 2017లో మొదలైన బతుకమ్మ చీరలు సిరిసిల్ల మరమగ్గాలకు పని ఇచ్చాయి, ఆ పట్టణానికి అది పెద్ద ఊరట. కానీ అవి పాలిస్టర్ చీరలు. అంతకు చాలా ముందే సింథటిక్ చీరలు పల్లెల్లో నూలును వెనక్కి నెట్టాయి. ఉతకడం తేలిక, ఆరడం తేలిక, ధర తక్కువ. కూలికి పోయే మనిషి వాటిని కట్టుకుంటే తప్పేముంది? అయితే ఆ గుడ్డ చెమట పీల్చదు, పొరల మధ్య జారిపోతుంది, ఎన్నేళ్లు ఉతికినా నూలులా మెత్తబడదు. ఇక పానిపట్టు రగ్గులు ఊరూరా చవకగా దొరుకుతున్నాయి. మధ్యాహ్నం పూట తీరిక ఏమైందంటారా, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఎన్నో ఇళ్లలో ఆ పూటను బీడీల చాట ఎప్పుడో తీసుకుంది. ఆడపిల్లలు గురుకులాలకు, కాలేజీలకు పోయారు. పోవాల్సిందే. బొంత కోసం వాళ్లను ఇంట్లో కూర్చోబెట్టమనే మాట నేను అనను, అననివ్వను.

మరి మిగతావాళ్లు ఏం చేశారు? బిహార్ సుజనీకి 2006లో, బెంగాల్ నక్షీ కాంతాకు 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రెండూ పుట్టింది పాత చీరల పొరల మీద కుట్టిన కుట్టులోంచే. కాంతా కళాకారిణి ప్రీతికణ గోస్వామికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అమెరికాలో అలబామా రాష్ట్రం జీస్ బెండ్ ఊరి సంగతి మనకు ఇంకా దగ్గరగా తోస్తుంది. పత్తి చేలల్లో బానిసలుగా, తర్వాత కౌలుదారులుగా బతికిన నల్లజాతి కుటుంబాల ఆడవాళ్లు చిరిగిన పని బట్టలతో బొంతలు కుట్టారు, బిడ్డలకు నేర్పారు. 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియం వాటిని గోడలకెక్కించింది. 2006లో అక్కడి తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తిని ఏరిన చేతులూ మన ఇళ్లలో బొంతలు కుట్టాయి. వాటిని గోడకెక్కించే ఆలోచన మనకే రాలేదు.

గుర్తింపు వస్తే దళారులు దిగుతారని, కుట్టిన మనిషికి కూలి, అమ్మినవాడికి లాభం మిగులుతుందని ఒక భయం ఉంది. ఉత్త భయం కాదది, చేతిపనుల్లో చాలాసార్లు జరిగిందే. అందుకే అమ్మకం కంటే ముందు నమోదు జరగాలంటాను. బొంతలు కుట్టడం తెలిసిన పెద్దవాళ్లు ఊరూరా ఇంకా ఉన్నారు. కాకతీయ యూనివర్సిటీ విద్యార్థులు వాళ్ల దగ్గర కూర్చుని ఏ ఊళ్లో ఏ కుట్టు, అంచు ఎట్లా తిప్పుతారు, కుట్టేటప్పుడు ఏం పాడుకుంటారు అన్నది రాసుకోవచ్చు, వీడియో తీయవచ్చు. వరంగల్‌లో ఒక గది చాలు, యాభై బొంతలు వేలాడదీయడానికి. ప్రతి బొంత పక్కన కుట్టిన తల్లి పేరు, బిడ్డ పేరు, ఊరి పేరు ఉండాలి.

ఆ తర్వాత కొనుగోలు. సర్కారు దవాఖానాలో కాన్పయిన తల్లికి సబ్బు, దోమతెర, బట్టలతో కిట్ ఇవ్వాలని 2017లోనే ఆలోచించిన రాష్ట్రం మనది. అట్లాంటి కిట్‌లో ఒక నూలు బొంత చేర్చి, ఆ పనిని మహిళా సంఘాలకు అప్పగిస్తే ఏటేటా పని దొరుకుతుంది. గుడ్డ కొత్తవాడ నుంచి, కమలాపూర్ నుంచి, మరే చేనేత సంఘం నుంచైనా తీసుకోవచ్చు, రెండుసార్లు ఉతికి మెత్తబరిస్తే సరి. ధర మాత్రం దారం ఖర్చు చూసి కట్టవద్దు. ఇద్దరు మనుషులు ఎన్ని రోజులు కూర్చున్నారో లెక్కపెట్టి, పత్తి ఏరితే వచ్చే కూలికి తగ్గకుండా కట్టాలి.