మా ఆవిడ పాత నైటీకి ఒక విన్నపం

మహాలక్ష్మీ సమానురాలైన కాఫీరంగు పూల నైటీ గారికి, ఈ ఇంటి యజమానినని ఇన్నాళ్లూ భ్రమపడ్డవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మిమ్మల్ని మూడేళ్ల కిందట కూకట్‌పల్లిలో తోపుడు బండి మీద, 250 అంటే 180కి బేరమాడి కొన్నది నేనే. ఇప్పుడా మాట ఎత్తడం బాగోదు గానీ, ఇంట్లో మీ హోదా చూశాక గుర్తు చేయక తప్పట్లేదు. భుజం కుట్టు ఊడి, జేబు దగ్గర పసుపు మరక పడి, రేపో మాపో మసిగుడ్డ కావాల్సిన మీరు మా తొమ్మిది నెలల బుజ్జిదానికి అమ్మ తర్వాత అమ్మ అయిపోయారు. నా స్థానం ఎక్కడో చెప్పను. వాచ్‌మన్ తాత తర్వాత అనుకోండి.

అసలు మీకు ఈ ఉద్యోగం ఇప్పించింది ప్రసూతి సెలవు. 2017లో చట్టం మార్చి 12 వారాలని 26 చేశారు, సంతోషమే. అందులో మూడు వారాలు కాన్పుకి ముందే కరిగిపోవడంతో పిల్లకి ఐదు నెలలు దాటీ దాటగానే మా ఆవిడ ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని గచ్చిబౌలి బస్సెక్కింది. అప్పటికి బుజ్జిది ఎవరెత్తుకున్నా నవ్వేది. 'అసలు అమ్మని వెతకనే వెతకదు, ఎంత బుద్ధిమంతురాలో' అని అపార్ట్‌మెంటంతా మెచ్చుకుంది. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 60 మంది పసిపిల్లల్ని ఇళ్లకెళ్లి గమనించి 1964లో ఫలితాలు ప్రకటించిన ఇద్దరు పరిశోధకులు ఏం చూశారంటే, చాలామంది పిల్లలు 'నాకు ఈవిడే కావాలి' అని పేచీ మొదలెట్టేది ఏడెనిమిది నెలలప్పుడట. అంటే అమ్మ కోసం ఏడవడం పిల్లకి చేతనయ్యేలోపే సెలవు అయిపోతుందన్న మాట. ఎంత ముందుచూపో! 50 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే గది) ఉండాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చనీ కూడా అప్పుడే చట్టంలో చేర్చారు. మా ఆవిడ ఆ గది ఎక్కడని అడిగితే ఆఫీసువాళ్లు పింగ్‌పాంగ్ టేబుల్ ఉన్న గది చూపించారు.

ఎనిమిదో నెలలో మొదలైంది. పొద్దున బ్యాగు జిప్ చప్పుడైతే చాలు, ఏ గదిలో ఉన్నా పాకుతూ వచ్చి గుమ్మం దగ్గర అమ్మ చుడీదార్ అంచు పట్టుకునేది. పక్క ఫ్లాట్ ఆంటీ 'ఎప్పుడూ ఎత్తుకుంటే ఇంతే, చంక మరిగింది' అని తీర్పిచ్చి వెళ్లింది. ఒకరోజు మా అమ్మ ఏమీ తోచక బాత్రూం కొక్కేనికి వేలాడుతున్న మిమ్మల్ని తీసి భుజాన వేసుకుంది. అంతే. ఏడుపు కుళాయి కట్టేసినట్టు ఆగింది. మీ మెడ దగ్గర రెండో బొత్తాన్ని బొటనవేలితో రుద్దుకుంటూ నిద్రపోయింది. (ఏడాది లోపు పిల్లల మొహం దగ్గర వదులు గుడ్డలు ఉండకూడదని డాక్టరు గట్టిగా చెప్పడంతో, అది పడుకున్నాక మిమ్మల్ని ఒక్కో వేలూ విప్పి లాగేసే రాత్రి డ్యూటీ నాది.)

నాకు ఒళ్లు మండి, ఈ గుడ్డలో ఏముందా అని చదివాను. కన్నతల్లి పాలు పీల్చుకున్న గుడ్డనీ, వేరే తల్లి పాలు పీల్చుకున్న గుడ్డనీ ఉయ్యాలలో చెరో పక్క వేలాడదీస్తే, ఆరు రోజుల పసికందు కూడా తన తల్లి గుడ్డ వైపే ఎక్కువసేపు తల తిప్పుతుందని 1975లోనే చూపించారు. ఇంకా ఘోరం, అమెరికాలోని విస్కాన్సిన్‌లో హార్లో అనే పరిశోధకుడు చేసిన పని. తల్లుల నుంచి విడదీసిన కోతి పిల్లలకి, పాపం, రెండు బొమ్మ తల్లుల్ని పెట్టాడు. ఒకటి ఇనుప తీగలది, ఇంకోటి మెత్తటి గుడ్డ చుట్టినది. పాలసీసా తీగల తల్లికి కట్టినా, అవి గబగబా తాగేసి వెళ్లి రోజంతా గుడ్డ తల్లినే కరుచుకున్నాయి. మన ఇంట్లో రాత్రి రెండింటికి లేచి పాలసీసా పట్టేది ఎవరండీ? నేను. అంటే ఆ ఇనుప తీగలు ఎవరో తేలిపోయింది.

మొన్న శుక్రవారం సంగతి మీకు తెలుసు. తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు 'ఛీ, పాల కంపు, దీన్ని ఉతికి ఎన్నాళ్లయింది బాబూ' అంటూ మిమ్మల్ని మెషిన్‌లో వేసి, పైగా మల్లెపూల వాసనొచ్చే లిక్విడ్ మూతడు పోశారు. బుజ్జిది మిమ్మల్ని ముక్కుకి ఆనించుకుంది, ఆగింది, దొంగనోటు చేతికొచ్చిన కొట్టువాడిలా నా మొహంలోకి చూసింది, విసిరికొట్టి రాగం అందుకుంది. తొమ్మిదింటి నుంచి పదకొండున్నర దాకా. మా ఆవిడ ఆఫీసులో ఏదో రిలీజ్‌లో ఇరుక్కుంది. చివరికి ఆవిడ దిండు గలీబు ఊడదీసి ఇస్తే గానీ ఇల్లు చల్లబడలేదు. విన్నికాట్ అని ఇంగ్లండులో ఒక పిల్లల డాక్టరు మీలాంటి గుడ్డల గురించే రాశాడు: అది మాసినా, కంపు కొట్టినా తల్లి ఉతకదు, ఉతికితే పిల్లకి దాని విలువ పోతుందని ఆవిడకి తెలుసు అని. ఈ ముక్క అత్తగారికి చెప్పాను. 'మా అమ్మాయిని పాత చీర ఉయ్యాలలో పెంచాను, ఆ చీర వారం వారం ఉతికాను' అన్నారు. ఉతికిన రోజు పిల్ల ఏడవలేదా అత్తయ్యా అని అడిగితే, 'ఏడవడమేంటి బాబూ, పక్కనే ఉండేదాన్నిగా' అని పప్పు తాలింపు పెట్టుకోడానికి వెళ్లిపోయారు.

కాబట్టి ఇప్పుడు మా ఆవిడ ఆఫీసు నుంచి రాగానే మిమ్మల్నే తొడుక్కుని వంట చేస్తోంది, వాసన మళ్లీ పట్టాలని. నాలుగు రోజులైంది. బుజ్జిది నిన్న మిమ్మల్ని సగం క్షమించింది. వచ్చే వారం మా ఆవిడకి బెంగళూరులో రెండు రాత్రులు పని ఉందట, ఆ రెండు రాత్రులూ భారం మీదే, నాది కాదు. మీరు చిరిగితే నా గతేంటని ముందుచూపుతో

అయ్యో, ఉండండి, అత్తగారు బకెట్‌తో అటే వస్తున్నారు.