రిలే పెట్టిన చిచ్చు

(ఈ ఇంట్లో స్క్రూడ్రైవర్ ఆయనది, మల్టీమీటర్ ఆవిడది. గొడవలన్నీ అక్కడే మొదలు.)

భర్త: ఫోన్లో నొక్కితే లైటు వెలగాలి. కోడ్ బంగారంలా ఉంది, లైటుని వేసి ఆపే కరెంటు స్విచ్చు, ఈ రిలే ఒక్కటే మొరాయిస్తోంది.

భార్య: దేనికి కలిపారు?

భర్త: నేరుగా చిప్పు పిన్నుకే. పిన్ను ఇచ్చేది 5 వోల్టులు, రిలే 5 వోల్టులది. ఈడూజోడూ సరిపోలేదూ?

భార్య: (మీటరు పెట్టి) రిలే లోపలి తీగచుట్ట, అదే కాయిల్, 70 ఓమ్‌లు. అంటే 71 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. ఈ ఏటీమెగా328 చిప్పులో పిన్నుకి ఆఖరి హద్దే 40. మామూలుగా 20 దాటనివ్వకూడదు.

భర్త: నీకెవరు చెప్పారు?

భార్య: డేటాషీట్, అదే చిప్పు వివరాల కాగితం. మీరు మడిచి టేబుల్ కాలి కింద పెట్టారుగా, అది తీసి చదివాను.

భర్త: అందుకా టేబుల్ ఊగుతోంది!

భార్య: పిన్ను కూడా మీలాంటిదేనండీ, హుకుం జారీ చెయ్యడం వరకే. మోసేది ట్రాన్సిస్టర్. ఆ 2ఎన్2222ఏ ట్రాన్సిస్టర్ తియ్యండి. దానికి మూడు కాళ్లు: ఎమిటర్, కలెక్టర్, బేస్. ఎమిటర్ గ్రౌండుకి. కాయిల్ ఒక కొస ప్లస్‌కి, రెండోది కలెక్టర్‌కి. పిన్నుకీ బేస్‌కీ మధ్య రెసిస్టర్.

భర్త: 10 కిలో ఓమ్‌లది చేతికి తగిలింది, పెట్టేస్తున్నా.

భార్య: చేతికి తగిలిందల్లా పెడతారా! దాంతో బేస్‌కి అర మిల్లీ ఆంపియర్ కూడా అందదు. ట్రాన్సిస్టర్ సగంసగం తెరుచుకుంటే రిలే పడాలా వద్దా అని ఊగిసలాడుతుంది. కాయిల్ కరెంటులో పదో వంతు ఇస్తే బెంగ ఉండదు. 7 మిల్లీ ఆంపియర్లు అనుకోండి. బేస్ దగ్గర 0.7 వోల్టులు పోగా మిగిలేవి 4.3.

భర్త: భాగిస్తే... 614 ఓమ్‌లు. అలాంటిది డబ్బాలో లేదే!

భార్య: 560 పెట్టండి.

భర్త: అయిపోయింది. పవర్ ఇస్తున్నా!

భార్య: డయోడ్ ఏదీ?

భర్త: అదెందుకు? వెలుగుతుందా ఏమిటి?

భార్య: కరెంటు ఠక్కున ఆపేస్తే కాయిల్ ఊరుకోదు, వోల్టేజీని ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ఈ ట్రాన్సిస్టర్ తట్టుకునేది 40 వోల్టులు. కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఉంటే ఆ కరెంటు కాయిల్లోనే తిరిగి తిరిగి చల్లారుతుంది.

భర్త: ఇదిగో 1ఎన్4007, కాయిల్‌కి అడ్డంగా పెట్టేశా.

భార్య: డయోడ్ మీది గీత ఎటుంది?

భర్త: కలెక్టర్ వైపు.

భార్య: తిప్పండి! గీత ప్లస్ వైపు ఉండాలి. అలాగే ఉంచితే ట్రాన్సిస్టర్ తెరుచుకోగానే కరెంటంతా డయోడ్‌లోంచే దూసుకుపోతుంది.

భర్త: రిలే ఆన్ అవ్వదా?

భార్య: పొగ ఆన్ అవుతుంది.

(డయోడ్ తిరిగింది. పవర్ వచ్చింది. టిక్!)

భర్త: విన్నావా! నేను చేస్తే ఇలా ఉంటుంది మరి!

భార్య: పిన్ను కూడా అదే అనుకుంటోంది లెండి.